సత్తార్ నాలుక

మదనపల్లెలో మా వీధి మురికికాలవ ఎర్రగా పారితే పెళ్ళి ముహూర్తాలు దగ్గరపడ్డాయని అర్థం. ఆషాఢంలో దానికి రంగే ఉండదు. చిన్నప్పుడు ఆ కాలవ పక్కనే నడుచుకుంటూ బడికి పోయేవాణ్ణి. ఈనాటికీ నాకు ఏ కల వచ్చినా, దాని వెనకాల ఎక్కడో సన్నగా ఆవిరి లేస్తూ ఉంటుంది. అది అబ్దుల్ సత్తార్ గంగాళాల ఆవిరి.

సత్తార్ మా మగ్గాలకు కావలసిన చిలపలకు, అంటే పట్టుదారం కట్టలకు, రంగు వేసి ఇచ్చేవాడు. ఆయన చేతుల అసలు రంగేమిటో భార్య మైమూన్ బీకి కూడా గుర్తుండదు. పుంగనూరు నుంచి కూడా పట్టు ఆయన దగ్గరికే వచ్చేదంటే, అందుకు కారణం ఆయన నాలుక. నీళ్ళు మంచివైతేనే పట్టుకు రంగు సరిగ్గా అంటుతుంది. పొద్దున్నే వీధి బోరు నీళ్ళు ఒక గుక్క నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు ఎక్కడికో వెళ్ళిపోయేవాడు. మేమంతా ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. "బాగుండాయి" అన్నాడంటే ఆయన పొయ్యి వెలిగేది, మా ఆడవాళ్ళు తాగేందుకు బిందెలు పట్టేవాళ్ళు.

ఈ ఏడాది మాలతి అనే అమ్మాయి వచ్చింది. కుప్పం పిల్ల, ఏదో పర్యావరణ సంఘంలో పనిచేస్తుంది. సీసాలో నీళ్ళు పట్టుకుపోయి, వారం తర్వాత పరీక్ష కాగితంతో తిరిగొచ్చింది. రంగునీళ్ళే భూమిలోకి దిగి బోరులోకి వస్తున్నాయి, తాగవద్దు అంది. మాకు ఒళ్ళు మండింది. ఇటువంటి కాగితాలు మేము చూడనివా? అంతకుముందు ఇలాంటి కాగితంతోనే అధికారులు వచ్చి, మా వీధిలో రెండు చిన్న రంగుల షెడ్లకు సీలు వేసి, ఊరి బయట పెద్ద ఫ్యాక్టరీలో కాఫీ తాగి పోయారు. ఆ కోపం న్యాయమైనదే. ఇప్పటికీ గట్టిగానే చెప్తాను.

చివరికి మీటింగు పెట్టారు. మగ్గాలవాళ్ళ పెద్ద గంగులప్ప లేచి, మిషన్లు వద్దు, సత్తారన్న తాగి చెప్తే చాలన్నాడు. అందరం సై అన్నాం. నీళ్ళు బాగాలేవంటే ముందు ఆరేది సత్తార్ పొయ్యే, మరి ఆయన ఆ మాట ఎందుకంటాడు?

మాలతి గ్లాసు అందించింది. సత్తార్ గుక్క పోసుకుని కళ్ళు మూసుకున్నాడు. పసుపు షామియానా కింద వెలుగు నీళ్ళలా మెల్లగా కదులుతోంది. ఎంతసేపటికీ ఆయన కళ్ళు తెరవలేదు. తెరిచాక మా వైపు కాదు, మైమూన్ బీ వైపు చూశాడు.

"నాకు రుచి తెలీదప్పా," అన్నాడు. "కరోనా జొరంలో పోయింది, మళ్ళా రాలే. ఇన్నేండ్లూ ఇంట్లో మైమూన్ సూసి చెప్తే, నేను మీ ముందర కండ్లు మూసుకుంటా వచ్చినా."

మైమూన్ బీ తల వంచుకుంది. "పోయిన ఎండాకాలం నుంచీ సేదుగా ఉండాయి," అంది. "పొయ్యి ఆరిపోతాదని ఈయనకి కూడా చెప్పలే."

గంగులప్ప నవ్వాడు. "ఆ సంఘమోళ్ళు మొగుణ్ణీ పెండ్లాన్నీ ఇద్దర్నీ కొనేసినారు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. సత్తార్ గ్లాసు బల్ల మీద పెట్టి, భార్య చెయ్యి పట్టుకుని మా మధ్యనుంచే నడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయనకు ఎవరమూ చిలపలు పంపలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి కుండలో నీళ్ళు ముంచుకున్నాను. ఎందుకో మింగబుద్ధి కాలేదు. నోట్లోనే ఉంచుకుని, ఆయనలాగే కళ్ళు మూసుకున్నాను. నలభై ఏళ్ళుగా ఆ బోరు నీళ్ళే తాగుతున్నా, రుచి చూడటం అదే మొదలు. చేదు.

నా భార్య పావనిని పిలిచి, ఈ నీళ్ళు ఎప్పుడైనా చేదుగా అనిపించాయా అని అడిగాను. ఆమె కూర తరుగుతూ తలెత్తకుండానే చెప్పింది.

"ఎప్పట్నుంచో. సత్తారన్న బాగుండాయన్నాడు కదా అని ఊరుకున్నా."