అమావాస్య నాడు సముద్రం యాడికి పోయింది?

పోయిన వారం పొద్దున మా అమ్మాయి ఫోన్ చేసి, అమ్మా నువ్వు బి.ఎ. పాసయ్యావని చెప్పినప్పుడు నేను బొరుగుల ఉగ్గానికి తాలింపు వేస్తున్నాను. తాలింపు మాడిపోయింది, ఆ రోజుకు ఎవరూ ఏమీ అనలేదు. మా పుట్టింట్లో గానీ మెట్టినింట్లో గానీ మా తరంలో డిగ్రీ దాకా వెళ్లిన మొదటిదాన్ని నేనే. మా అమ్మాయి నాకంటే ముందే చదివింది, కానీ అది తర్వాతి తరం లెక్క. మా వారు మండీలో హమాలీలందరికీ మిఠాయి పంచడానికి వెళ్లారు. నేను మాత్రం పొయ్యి ఆర్పి, తిన్నగా మా అత్త గదిలోకి నడిచాను. ఆమెకు నేను ఒక జవాబు చెప్పాల్సి ఉండింది.

ఆ ప్రశ్న పుట్టింది ఇక్కడ కాదు. కర్నూలులో మాది ఎర్రగడ్డల వ్యాపారం, అంటే ఉల్లిగడ్డలు. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉన్న ఏడాది, ఒక విత్తనాల కంపెనీ వాళ్లు మా వారిని హాలెండులో పొలాలు చూడటానికి పిలిచారు. ఆయన మా ఖర్చులు తాను పెట్టుకుని నన్నూ, అమ్మాయినీ, అత్తనూ వెంట తీసుకెళ్లారు. అత్తది కోడుమూరు, ఆమె చూసిన పెద్ద నీళ్లల్లా శ్రీశైలం డ్యాం, అంతకుమించి సముద్రమనేది పురాణంలో విన్న మాటే. పొలాల పని అయ్యాక రెండు రోజులు సెలవుగా ఒక చిన్న దీవికి వెళ్లాము. కార్లు తిరగని దీవి. ఎటు చూసినా సైకిళ్లు, గొర్రెలు, ఊరిని సముద్రం నుంచి కాపాడే, గడ్డి మొలిచిన మట్టికట్ట. మేము దిగిన ఇల్లు ఆ కట్ట పక్కనే. ఇంటావిడ మా అత్త వయసుదే.

మర్నాడు అమావాస్య. ఆ లెక్క అత్త కర్నూలులోనే చూసుకుని, పసుపు, కుంకుమ, కొత్త చీర సర్దుకుని మరీ వచ్చింది. అమావాస్య నాడు సముద్రస్నానం ఆమెకు జన్మలో ఒక్కసారి దొరికే పుణ్యం. పొద్దున వాన, చలిగాలి. కాస్త ఎండ వచ్చాక పోదామని మా వారు ఆపారు. మధ్యాహ్నం రొట్టె, చెనిగ్గింజల పొడి, అంటే వేరుశనగ పొడి, తిని, పసుపు పళ్లెంతో కట్ట ఎక్కి చూస్తే సముద్రం లేదు. కనుచూపు మేర బురద, దానిమీద పక్షులు.

"ఏమప్పా, నిన్న చూపిచ్చిన సముద్రం యాడికి పోయినాది?" అని అత్త కొడుకును నిలదీసింది.

"యాడికి పోతాదిమా, వస్తాదిలే."

"మన హంద్రీ ఏరు గూడా వస్తాదిలే అంటానే పోయె. ఈడ గూడా కరువేనా?"

ఇసుక దిబ్బలకు అవతల ఎప్పుడూ నీళ్లుండే ఒడ్డు ఉందట గానీ, అత్త మోకాళ్లకు అంత నడక కుదరదు. ఇంటావిడ సామాను బండి తగిలించిన తన సైకిలు చూపించి అందులో కూర్చోబెట్టి తీసుకెళ్తానంది. అత్త ఆ బండిని చూసి, నేనేమన్నా గడ్డల మూటనా అని మొహం తిప్పుకుంది. మా పడవ సాయంత్రమే. తప్పితే విమానమూ తప్పుతుంది. అత్త కట్ట మెట్ల మీద కూర్చుంది, లేవనంది. మా వారు గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరిగారు.

ఇంటావిడ కుర్చీ తెచ్చి వేసి, ఆకాశం వైపూ బురద వైపూ చూపించి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. చందమామే నీళ్లను లాగుతాడంట, అమావాస్యకు ఇంకా ఎక్కువ లాగుతాడంట అని మా అమ్మాయి తెలుగులో చెప్పింది.

అత్త నావైపు తిరిగింది. "అమాసనాడు చందమామే ఉండడు గదా మే, ఎవురు లాగుతారు? నువ్వు ఇంటర్ దాకా సదివినావు, చెప్పు."

నాకు తెలియదు. పదిహేడేళ్లకే పెళ్లయి ఇంటర్ మధ్యలో ఆగిపోయినదాన్ని. తెలియదని చెప్పాను.

"అట్లయితే తెలుసుకోని చెప్పు" అంది, అంతే.

నీళ్లు వచ్చాయి. ముందు బురదలో సన్నని కాలువలు మెరిశాయి, పక్షులు లేచాయి, మేము చూస్తూండగానే కింది మెట్లు ఒక్కొక్కటే మునిగాయి. అత్త పసుపు కుంకుమ చల్లి, నా చెయ్యి పట్టుకుని మూడు మునకలు వేసింది; చలికి పళ్లు టకటకలాడుతున్నా నవ్వింది. కోట్లు వేసుకున్న జనం నిలబడి చూశారు. తర్వాత పడవకు పరుగు. మా పెట్టెలతోపాటు కొత్త చీర కట్టుకున్న అత్త కూడా ఆ సామాను బండిలోనే కూర్చుంది. "బిర్రున తొక్కు తల్లీ" అని ఆమె తెలుగులో అంటే, ఇంటావిడకు ఎలా అర్థమైందో, తొక్కింది. పడవ అందింది.

ఇంటికొచ్చాక అందరూ ఆ సంగతి మరిచారు. నేను మరవలేదు. అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక, ఆగిన ఇంటర్ పూర్తి చేసి, దూరవిద్యలో బి.ఎ.కి భూగోళశాస్త్రం తీసుకున్నాను. రెండో ఏడాదిలో ఆ పాఠం వచ్చింది. చదివిన రోజే చెప్పవచ్చు గానీ, పరీక్ష తప్పితే నా మాట ఎవరు నమ్ముతారని నోరు కట్టుకున్నాను. ఈలోగా అత్తకు జ్వరం వచ్చిన ప్రతిసారీ, జవాబు వినకుండానే పోతుందేమోనని భయపడ్డాను.

అందుకే ఆ పొద్దున ఆమె మంచం అంచున కూర్చుని చెప్పాను. అమావాస్య నాడు చందమామ లేకపోవడం కాదు, సూర్యుడి వైపే ఉంటాడు కాబట్టి మనకు కనపడడు, ఇద్దరూ కలిసి లాగుతారు, అందుకే సముద్రం అంత దూరం పోయి అంత ఎత్తున వస్తుంది అని.

"ఆడ్నే ఉంటాడా!" అని అత్త పైకప్పు వైపు చూసింది. తర్వాత మెల్లగా, "మరి మన హంద్రీని ఎందుకు లాగలే?"

"హంద్రీ శానా చిన్నది గదత్తా. తెలిసేంతగా లాగడు."

"చిన్నోళ్లను ఎవురు పట్టించుకుంటారులే" అని పక్కకు తిరిగి పడుకుంది. కాసేపటికి పాలమనిషి వస్తే, "మా కోడలు బి.ఎ. పాసయింది, సముద్రం యాడికి పోతాదో అడుగు, చెప్తాది" అనడం వంటింట్లోకి వినపడింది.

ఈ ప్రశ్న ఫోన్‌లో అడిగితే ఒక్క నిమిషంలో జవాబు వచ్చేదని మా అమ్మాయి అంటుంది. నిజమే. నేనెప్పుడూ అడగలేదు, అత్త అడిగింది నన్ను. ఒక ప్రశ్నను ఒడిలో పెట్టుకుని ఇన్నేళ్లు కాపురం చేయడం ఇకమీద ఎవరికీ కుదరదేమో.