పితూరీ రోజుల్లో అరకు ప్రయాణం

ఆ ఏడాది మాఘంలో అమ్మకి పుట్టిన మగబిడ్డ తొమ్మిదో రోజున పోయాడు. అంతకు రెండేళ్ల ముందు ఇంకొకడు పోయాడు. ఈసారి మాత్రం అమ్మ మంచం దిగడం మానేసింది. జ్వరం లేదు, నొప్పి లేదు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేది. విజయనగరం నుంచి వచ్చిన డాక్టరుగారు నాడి చూసి, "మందు రాయడానికి ఏమీ కనబడటం లేదు మేష్టారూ. ఓ నెల చల్లటి చోటికి తీసుకువెళ్లండి. వానలు పడకముందే దింపెయ్యండి" అన్నారు. వానలు పడ్డాక కొండ మీద ఉంటే మన్యం జ్వరం తప్పదని ఎవరూ చెప్పక్కర్లేదు.

మేము శృంగవరపుకోటలో ఉండేవాళ్లం. నాన్న అక్కడి బోర్డు స్కూల్లో పనిచేసేవారు. కొండలు మా పెరట్లోంచి కనబడేవి గాని, పైకి వెళ్లి వచ్చినవాళ్లు మా వీధిలో ఒక్కరూ లేరు. నాన్న స్నేహితుడొకాయన రోడ్ల శాఖలో ఉద్యోగి. అరకులో సర్కారు బంగళాలో గది ఇప్పిస్తానన్నాడు. వేసవి సెలవులకి వెళ్దామని నిశ్చయమైంది. నాకప్పుడు పదమూడేళ్లు. పేచీ పెట్టి కొత్త గొడుగు కొనిపించుకున్నాను.

సరిగ్గా అప్పుడే మన్యంలో సర్కారు మీద తిరుగుబాటు, ఆ పితూరీ, మళ్లీ రాజుకుందని కబుర్లు మొదలయ్యాయి. రంపచోడవరం వైపు కొండల్లో ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోతున్నారనీ, పోలీసులు చచ్చిపోతున్నారనీ, ఎక్కడినుంచో పటాలాలు దిగాయనీ అనుకునేవారు. రెండ్రోజులు ఆలస్యంగా వచ్చే పత్రికని నాన్న స్కూలు నుంచి తెచ్చి, అరుగు మీద కూర్చుని రెండేసిసార్లు చదివేవారు. అందులో ఊళ్ల పేర్లుండేవి. అవి అరకుకి ఎంత దూరమో ఉండేది కాదు.

మా పక్కింటాయన పోలీసు స్టేషన్లో రైటరు. నాన్న ఆయన్ని అడిగారు.

"అరకు వైపు ఇంతవరకు ఏమీ లేదు మేష్టారూ. రేపు ఉండదని నేనెలా చెప్పను? నేనైతే ఆడవాళ్లని తీసుకెళ్లను" అన్నాడాయన.

ఇక మిగిలింది అడ్డాకులాయన. పేరుతో మేమెప్పుడూ పిలవలేదు. అరకు దగ్గరి పల్లెలో ఉండే కొండదొర తెగవాడు. ప్రతి సంతకీ కొండ దిగి, విస్తళ్లు కుట్టుకునే అడ్డాకుల కట్టలు మా ఇంట్లో వేసి పోయేవాడు. నలభై ఏళ్లుంటాయి. తక్కువ మాట్లాడేవాడు. ఆ సంతరోజున నాన్న అతన్ని అరుగు మీద కూర్చోబెట్టారు.

"నిజం చెప్పు. ఈవిడనీ పిల్లనీ తీసుకుని పైకి రావచ్చా?"

అతను తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "రండి బాబూ. మీకేటీ అవదు. పితూరీవోలు పోలీసోల మీద పడతారు గానీ మేష్టర్ల జోలికి రారు. రంప ఎక్కడ, మా అరకు ఎక్కడ? నాను దగ్గరుండి తీసుకెల్తాను."

మీ సంగతేమిటని మేమెవ్వరం అడగలేదు.

అయినా నాన్నకి తేలలేదు. నాలుగు రోజులు అటూ ఇటూ అయ్యాక, ఒక పొద్దున్న మంచం పక్కన నిలబడి అమ్మనే అడిగారు. అమ్మ గోడవైపు తిరిగి పడుకునే చెప్పింది. "ఈ ఇంట్ల తలుపులేసుకు కూకుంటే నా పిల్లలు బతికినారా? ఎల్దాం."

దాంతో తేలిపోయింది.

కొండ అడుగుదాకా ఎడ్లబండి మీద వెళ్లాం. అక్కణ్ణించి బండి కుదుపులకి అమ్మ తట్టుకోలేదని, అడ్డాకులాయనా అతని బావమరిదీ డోలీ కట్టి మోశారు. నేనూ నాన్నా వెనక నడిచాం. అనంతగిరిలో ఆగి, మర్నాడు అరకు చేరాం. దారిలో మాకు ఎదురైనవి పశువులు, కట్టెల మోపులతో ఆడవాళ్లు. అంతే.

అరకులో తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాల్సి వచ్చేది. అడ్డాకులాయన భార్య రోజూ ఎండిన ఆనపబుర్రలో రాగులతో కాచిన చోడి అంబలి, పనసతొనలు తెచ్చేది. మొదటి రెండు రోజులూ అమ్మ ముట్టుకోలేదు. మూడోరోజు ఆ మనిషి బంగళా మెట్ల మీద కూర్చుని, తనకీ ఇద్దరు పోయారని మామూలుగా చెప్పింది. అమ్మ బుర్ర అందుకుని తాగింది. వారానికల్లా నాతో కలిసి గెడ్డదాకా నడిచింది. నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చుని నా జడ విప్పి మళ్లీ అల్లింది. అలా అల్లి ఎన్నాళ్లయిందో! నేను కదలకుండా కూర్చున్నాను.

పదోరోజున పోలీసుల జట్టు ఒకటి వచ్చింది. వాళ్ల అధికారి నాన్నతో ఎంతో మర్యాదగా, "మీరు నిశ్చింతగా ఉండండి మేష్టారూ. మీలాంటివాళ్ల కోసమే కదా మేము తిరుగుతున్నది" అన్నాడు. సామాన్లు మొయ్యడానికి వాళ్లకి మనుషులు కావాలి. పల్లెలో చూస్తే ఒక్క మగాడు లేడు. అడ్డాకులాయన మా పెరట్లో కట్టెలు కొడుతున్నాడు. ఒక జవాను వచ్చి అతని రెక్క పట్టుకున్నాడు.

"అతను మా మనిషి" అన్నారు నాన్న.

జవాను వదిలేశాడు. వాళ్లు వెళ్లాక నాన్న అడిగారు, "ఊళ్లో మగవాళ్లంతా ఏరి?"

"అడివిలున్నారు బాబూ. మూడు దినాలయింది. దొరికితే బరువులు మోయించుకుపోతారు. ఎప్పుడు వొగ్గుతారో తెల్దు. పితూరీవోలకి బువ్వెట్టినావని తంతారు."

"పోలీసులొస్తే మీకు ఈ బాధ ఉందని, అరుగు మీద అడిగిననాడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు మీ కోసం అడిగినారు, సెప్పినాను" అని అతను మళ్లీ గొడ్డలి అందుకున్నాడు.

అది విన్నాక కూడా మేము దిగిపోలేదు. ఈ మాట రాయకుండా దాటెయ్యవచ్చు గాని, నిజం అది. అమ్మ కోలుకుంటోంది. మరో తొమ్మిది రోజులుండి, మబ్బులు పట్టడం చూసి బయల్దేరాం. దిగేటప్పుడు అమ్మ సగం దారి తన కాళ్ల మీదే నడిచింది.

శృంగవరపుకోట చేరిన మర్నాడు పొద్దున్నే అడ్డాకులాయన ఒక్కడూ తిరుగుప్రయాణమయ్యాడు. బావమరిది దిగేటప్పుడే అనంతగిరి దగ్గర ఆగిపోయాడు. నాన్న సంతోషం పట్టలేక అడ్డాకులాయనకి ఒక మూట బియ్యం, ఉప్పు, రెండు కొత్త పంచెలు ఇచ్చారు. అమ్మ తన చేత్తో మూట కట్టింది. "ఇంత ఏటికమ్మా" అంటూనే అతను నెత్తికెత్తుకున్నాడు.

తర్వాత రెండు సంతలకి అతను రాలేదు. మూడో సంతకి బావమరిది వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"బావని అట్టుకుపోనారు బాబూ. కొండ కింద ఠాణా కాడ. ఇన్ని బియ్యం ఎవులికి మోసుకెల్తన్నావని అడిగినారట. మేష్టరుబాబు ఇచ్చినారంటే, ఏ మేష్టరు, సీటీ ఏదీ అన్నారట."

నాన్న చొక్కా తొడుక్కుని అప్పుడే స్టేషనుకి వెళ్లారు. రైటరు దస్త్రం చూసి, "విశాఖపట్నం పంపేశారు మేష్టారూ. ఒక్క చీటీ ముక్క రాసిచ్చి ఉంటే సరిపోయేదే" అన్నాడట. ఇంటికొచ్చి నాన్న ఆ మాట అమ్మకి చెబుతూ మధ్యలో ఆపేశారు. పొద్దస్తమానం పిల్లల చేత రాయించే మనిషికి ఆ నాలుగు ముక్కలు రాయాలని తోచలేదు. రెండుసార్లు విశాఖపట్నం వెళ్లారు. అర్జీల మీద అర్జీలు పెట్టారు. వానలన్నీ అలాగే గడిచాయి.

కార్తీకంలో అతను వచ్చాడు. ముందు నేను గుర్తుపట్టలేదు. చెంపలు లోపలికి పోయాయి. కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. నాన్న ఎదురెళ్లి, "నావల్లే జరిగింది" అన్నారు.

"మీరేటి సేసినారు బాబూ? బియ్యం ఇచ్చినారు" అన్నాడతను. ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని నేను చాలా ఏళ్లు వెతుక్కున్నాను. లేదనే అనుకుంటాను.

అమ్మ అతన్ని లోపలి వసారాలో కూర్చోబెట్టి అన్నం పెట్టింది. అతను ఎడమచేత్తో తినడానికి సిగ్గుపడి ఊరుకుంటే, తనే పక్కన కూర్చుని కలిపి ముద్దలు చేసి విస్తట్లో వరసగా పెట్టింది. అతను తలవంచుకుని ఒక్కొక్కటే తీసుకుని తిన్నాడు.

లేచేటప్పుడు అమ్మ చేటలో బియ్యం తెచ్చింది. నాన్న అప్పటికే కాగితం, కలం పట్టుకుని ఉన్నారు. అతను రెండింటినీ చూశాడు.

"వొద్దమ్మా. ఒట్టి సేతుల్తో ఎల్తాను. బేగి ఎల్లాల."

నాన్న కాగితం అరుగు మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని అతనితో బయల్దేరారు. కొండ కింద ఠాణా దాటి అతను ఘాట్ ఎక్కేదాకా ఉండి, పొద్దు వాలుతుండగా తిరిగి వచ్చారు. కాళ్లనిండా ఎర్రమట్టి. అమ్మ చెంబుతో నీళ్లిస్తే కడుక్కుని, ఆ పూటకి అన్నం వద్దన్నారు.