పరీక్ష రాసిన గొర్రె కోసం కుందుర్పి దాకా

ఒక గొర్రె మొహం చూడ్డానికి నేను అనంతపురం నుంచి కుందుర్పి దాకా పోవాల్సి వచ్చింది. నవ్వకండి, ఆఫీసు పనే.

మా సంస్థ ఊరూరా పశుసఖులకు, అంటే గొర్రెలకూ మేకలకూ సూదులు వేసే ఆడవాళ్లకు, శిక్షణ ఇస్తుంది. పాఠాలూ పరీక్షా అన్నీ ఫోన్లోనే. ఈమధ్య పాత యాప్ తీసేసి కొత్తది పెట్టారు. పాత రికార్డులు ఎక్కించేటప్పుడు కొత్తది మనుషుల పేర్లు చూడలేదు, ఫోన్ నంబర్లు చూసింది. కుందుర్పి దగ్గర ఊరికొకరు చొప్పున పదకొండు మందీ తిప్పమ్మ అనే హోటలామె ఫోన్లో పరీక్ష రాశారు. సిగ్నల్ అందే మిద్దె ఆ చుట్టుపక్కలంతా ఆమెదొక్కటే మరి. ఇంకేముంది, జన్మలో గొర్రెను ముట్టని తిప్పమ్మ ఒకే శిక్షణను పదకొండుసార్లు పూర్తి చేసినట్టు పడింది. రాసినవాళ్లకు సున్నా.

పాత యాప్ పరీక్ష అయిపోగానే అడక్కుండా ఒక ఫోటో తీసేది. ఆ ఫోటోలు చూసి పదిమందివి ఆఫీసులో కూర్చునే సరిచేశాను. పదకొండోది ఓబులమ్మది. అందులో గొర్రె ఉంది. మూతి మీద ఎర్ర మచ్చ, చెవికి పసుపు ట్యాగు. మనిషి జాడే లేదు.

"ట్యాగు నంబరు ఓబులమ్మ పేరు మీదే ఉంది సార్" అన్నాను మా సార్‌తో.

"ట్యాగు ఊడి ఇంకో గొర్రెకు తగిలించి ఉండొచ్చు కదమ్మా. అదే గొర్రె, అదే ట్యాగు, పక్కన ఓబులమ్మ. ముగ్గురూ ఒకే ఫోటోలో కావాల. రేపు నాలుగింటికి జాబితా మూసేస్తా" అన్నాడాయన.

జాబితాలో పేరు లేకపోతే సోమవారం టీకా డబ్బా ఇవ్వరు. డబ్బా లేకపోతే ఓబులమ్మ ఊరు ఇంకొకరికి పోతుంది. నాకు ఒళ్లు మండింది. మండితే మాత్రం గొర్రె నడిచొస్తుందా?

శుక్రవారం ఉదయం ఆరూ పదికి కళ్యాణదుర్గం బస్సెక్కాను. ఆడవాళ్లకు సున్నా టికెట్ కాబట్టి సీటు దొరకడమే అసలు ఖర్చు. మీరూ పోయేట్టయితే పావుగంట ముందే వెళ్లి ఎండ పడని వైపు చూసి కూర్చోండి. పక్కన వేరుశనగ విత్తనాల మూట కాళ్ల మధ్య పెట్టుకున్న పెద్దాయన పలకరించాడు.

"యాడికి పోతాండావమ్మా?"

"కుందుర్పికి. ఒక గొర్రెను చూసేకి."

"కొనేకా?"

"కాదు పెద్దాయనా. అది పరీక్ష రాసిందో లేదో కనుక్కునేకి."

ఆయన కాసేపు కిటికీలోంచి బీళ్లు చూసి, "మా మనవడు రెండుతూర్లు తప్పినాడులే" అన్నాడు.

కళ్యాణదుర్గంలో ఎనిమిదిన్నరకు ఇంకో బస్సు, కుందుర్పిలో దిగి షేర్ ఆటో. పదిన్నరకు తిప్పమ్మ హోటల్ ముందున్నాను. బొరుగులతో చేసే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ పెట్టింది. ఉగ్గాణి కోసమైనా ఆ ఊరు పోవచ్చు, అంత బాగుంది. తిననిస్తే గదా! నేను ఫలానా అని చెప్పగానే చేతులు పట్టుకుంది.

"తల్లీ, సోమవారం రెండు వేల గొర్రెలకు సూదులెయ్యమని నాకు మెసేజి వచ్చినాది. సూదంటే నాకు కండ్లు తిరుగుతాయి. నా పేరు పీకేసేదాకా నీ ఎనకాలే వస్తా."

అంతలో ఓబులమ్మ వచ్చింది. నమస్కారం గిమస్కారం ఏమీ లేదు.

"ఆరేండ్లాయ మేడమ్. ఈ ఊర్లో నా చేతి సూది పడని గొర్రె లేదు. నేను చదవనే లేదంటాదా నీ సిస్టం?"

"ఫోటోలో నువ్వు లేవు గదమ్మా."

"యాడుంటా? పరీక్షలో సూది ఏసి చూపిచ్చమంటిరి గదా. ఒక చేత్తో గొర్రెను పట్టుకోని, ఒక చేత్తో సూది పొడుస్తాంటి. ఫోను గోడకు ఆనించినా. అది పోయి మూతి పెట్టినాది."

ఫోటో చూపించాను. చటుక్కున ఆమె మొహం మారిపోయింది. "ఎర్రమూతి! మందతో గుట్టకాడికి పోయింది. పా, పోదాం."

రెండు కిలోమీటర్ల నడక. ఒక్క చెట్టు నీడ లేదు. నీళ్ల బాటిల్ మర్చిపోవద్దు, నేను మర్చిపోయాను. మందలో నూటికి పైగా గొర్రెలున్నాయి. నా కళ్లకు అన్నీ ఒకటే గొర్రె. ఓబులమ్మ మాత్రం దూరం నుంచే "అదో" అని చెయ్యి చూపింది. చెవి తిప్పి చూస్తే అదే నంబరు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పట్టుకోవడం తేలికే. తల ఎత్తించడమే కష్టం. ఓబులమ్మ మెడ పట్టుకుంటే తల దించేస్తుంది, తల పట్టుకుంటే వెనక్కి తిరుగుతుంది. ఇరవై ఏడు ఫోటోలు తీశాను. అన్నింట్లో తోకే. టైము రెండున్నర. చివరికి తిప్పమ్మ కళ్లు మూసుకుని, చెయ్యి ఆమడ దూరం చాపి, బజ్జీ పొట్లం చూపించింది. ఎర్రమూతి బజ్జీ వదిలేసి పేపర్ తినడానికి తల ఎత్తింది. ఓబులమ్మ దాని చెంపకు చెంప ఆనించింది. నొక్కాను.

"తిన్యాదా? పోయినాదా?" అని తిప్పమ్మ కళ్లు మూసుకునే అరుస్తోంది.

పరుగున మిద్దె ఎక్కాం. మూడూ ముప్పావుకు ఫోటో పంపడం మొదలుపెడితే చక్రం తిరుగుతూనే ఉంది. నాలుగింటికి ఆరు నిమిషాల ముందు పోయింది. తిప్పమ్మ పేరు కింద సున్నా పడింది. ఆమె రెండు చేతులూ ఎత్తి సూర్యుడికి దండం పెట్టింది. సున్నా వచ్చినందుకు ఇంత సంతోషించిన మనిషిని నా ఉద్యోగంలో చూడలేదు. ఓబులమ్మ పేరు కింద మాత్రం 'పరిశీలనలో ఉంది' అనే వచ్చింది.

ఐదింటి బస్సుకు బయల్దేరాను. కాళ్లకు పల్లేరుకాయలు, చీరకు గొర్రె వాసన, పక్క సీటు ఖాళీగానే ఉండిపోయింది. ఆఫీసులో పదిమందిని పది నిమిషాల్లో సరిచేశాను, వాళ్లలో ఒక్కరి గొంతు కూడా నాకు తెలియదు. ఈ ఒక్కదానికి దినమంతా పట్టింది. అయినా బాధ లేదు, నిజం చెప్తున్నాను. కళ్యాణదుర్గం దాటాక ఫోన్ మోగింది. సర్టిఫికెట్! వెంటనే ఓబులమ్మకు చేశాను.

"వచ్చినాదమ్మా."

"నా పేరుండాదా?"

"ఉండాది. ఓబులమ్మ, పశుసఖి, శిక్షణ పూర్తి."

"ఇంగోసారి చదువు."

చదివాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. కానీ అసలు సంగతి చెప్పక తప్పదు కదా.

"ఒక్కటే తల్లీ. సర్టిఫికెట్ మీద నీ ఫోటో పడలేదు. సిస్టం ఆ పాతదే వేసేసింది, ఎర్రమూతిది. మార్పియ్యాలంటే మళ్లా అర్జీ పెట్టాల."

"వద్దులే మేడమ్" అంది ఓబులమ్మ. "పేరు నాది పడినాది గదా. సూది పొడిపిచ్చుకునింది అదే, ఫోటో దానికే ఉండనీ."