లిఫ్టర్ ఎంపికకు నేను వేసిన లెక్క

2018 మార్చి మొదటి వారంలో నన్ను గేజ్ చదివే పని నుంచి తప్పించి, వాలీబాల్ జట్టు లెక్కలు రాసే పనికి వేశారు. ఉత్తర్వు నోటిమాటగా వచ్చింది. అప్పుడు నేను పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఆత్మకూర్‌కు దగ్గరలో, కృష్ణ ఒడ్డునున్న ఒక ఎత్తిపోతల సబ్‌డివిజన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. పథకం పేరు ఇక్కడ అవసరం లేదు. అందులో పనిచేసిన వాళ్లకు తెలుసు, చేయని వాళ్లకు తెలిసినా లాభం లేదు.

గేజ్ చదవడమంటే, కాలువ గోడ మీద రంగుతో గీసిన కొలబద్ద దగ్గర నీరు ఏ గీతను తాకుతున్నదో పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి చూసి రిజిస్టర్‌లో రాయడం. ఇరవై రెండేళ్లు ఆ పని చేశాను. బడి చదువు పదో తరగతితో ఆగింది. సగటు, శాతం, గ్రాఫు నాకు నేనే నేర్చుకున్నవి. అందుకని ఆఫీసులో నన్ను లెక్కల నర్సింలు అనేవారు. అది పొగడ్తా వెక్కిరింపా అన్నది అనేవాడి హోదాను బట్టి ఉండేది.

హోదా సంగతి ముందే చెప్పాలి. సబ్‌డివిజన్‌కు పెద్ద డీఈ, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఆయన కింద ఏఈలు, అంటే అసిస్టెంట్ ఇంజనీర్లు. వాళ్ల కింద నాలాంటి వర్క్ ఇన్‌స్పెక్టర్లు. మా కింద లష్కర్లు. లష్కర్ పని కాలువ వెంట తిరుగుతూ తూముల షట్టర్లు ఎత్తడం, దించడం. లష్కర్ కింద ఎవరూ ఉండరు, నీళ్లు తప్ప.

ఎండాకాలం కాలువలు ఎండిపోయాక జిల్లాలోని ఆఫీసుల మధ్య వాలీబాల్ పోటీలు జరిగేవి. అంతకు ముందు ఏడాది మా జట్టు మొదటి మ్యాచులోనే ఓడి, మధ్యాహ్నం భోజనాల వేళకు ఇంటికి చేరింది. ఆ కొత్త ఏడాది మాకు కొత్త డీఈ వచ్చారు. మనిషి ఆరడుగులు, వయసు నలభై ఆరు. కాలేజీ రోజుల్లో స్మాషర్‌నని చెప్పారు. ఎవరూ కాదనలేదు. వచ్చిన వారానికే తానే కెప్టెన్ అయ్యారు. అప్పటికింకా వల కూడా కొనలేదు గానీ, ఈసారి కప్పు మనదేనన్న విషయంలో ఆఫీసు మొత్తం ఏకాభిప్రాయానికి వచ్చింది.

తేలనిదల్లా లిఫ్టర్ ఎవరన్నదే. ఆట తెలియని వారి కోసం చెబుతున్నాను. బంతిని అవతలికి పంపే ముందు ఒక జట్టు దాన్ని మూడుసార్లు తాకవచ్చు. మొదటివాడు బంతిని కాస్తాడు, రెండోవాడు వల పక్కన పైకి లేపుతాడు, మూడోవాడు ఎగిరి కొడతాడు. కొట్టేవాడు స్మాషర్, లేపేవాడు లిఫ్టర్. ఆ దెబ్బను ఆపడానికి అవతలివాళ్లు వల మీదికి చేతులెత్తి ఎగరడాన్ని అడ్డం పోవడం అంటారు. ఎవరికి లేపాలి, ఎంత ఎత్తుకు లేపాలి, అవతలివాళ్లను ఎటు నమ్మించి ఎటు ఇవ్వాలి అన్నది లిఫ్టర్ తేల్చాలి. అతను సరిగా లేపకపోతే స్మాషర్ గాలిలో చెయ్యెత్తి ఎవరినో పిలుస్తున్నట్టు ఉంటాడు.

ఆ జాగాకు ఇద్దరు పోటీ. ఒకరు సందీప్, కొత్తగా చేరిన ఏఈ. ఇంజనీరింగ్ కాలేజీ జట్టులో ఆడినవాడు. చక్కటి బూట్లు, మోకాళ్లకు పట్టీలు, నుదుటికి ఒక బ్యాండు. రెండోవాడు యాదయ్య, అవుట్‌సోర్సింగ్ లష్కర్, ముప్పై నాలుగేళ్లు. ఉత్త కాళ్లతో ఆడేవాడు. షట్టర్ హ్యాండిల్ తిప్పి తిప్పి గట్టిపడిన అరచేతులు. బంతి అతని వేళ్ల మీద ఉన్నట్టే ఉండి కనబడేది కాదు.

ఆఫీసు ఎదుటి హోటల్లో నెలన్నర పాటు ఇదే చర్చ. పూడిక తీయించాల్సిన కాలువ గురించి అందులో సగం చర్చ జరిగి ఉంటే చివరి చేనుకు కూడా నీరు పారేది. సందీప్ పక్షానికి నాయకుడు సీనియర్ అసిస్టెంట్ రాంచందర్. వాలీబాల్‌ను ఆయన ఎన్నడూ చేత్తో తాకలేదు, కాబట్టి అభిప్రాయాల్లో ఎక్కడా తడబాటు లేదు. యాదయ్య పక్షం జీపు డ్రైవర్ జంగయ్యది.

"ఏఈ సారు ఫుట్‌వర్క్ చూసినవా? కోచింగ్ తీసుకున్న మనిషి" అని రాంచందర్ అన్నాడొకరోజు.

"బూట్లు మంచిగనే ఉన్నయ్ సారు. బంతిని గవి లేపయి గద, చేతులు లేపాలె" అన్నాడు జంగయ్య.

"నువ్వు జీపు నడుపు. జట్టును నడపకు."

"గట్లనే సారు. రేపు ఓడినంక ఇంటికి తోల్కొచ్చేది నేనే గద."

ఇదంతా కాలక్షేపంగానే ఉండిపోయేది. కానీ అదే సమయంలో పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. నదికి పైవైపు, అరవై కిలోమీటర్ల దూరంలో కొత్తగా మొదలయ్యే పంప్‌హౌస్‌కు మా దగ్గరి నుంచి ఇద్దరు లష్కర్లను పంపాలి. అక్కడే ఉండి పనిచేయాలి. జట్టులో ఉన్నవాళ్లను కదిలించనని డీఈ ప్రకటించారు. పోటీలు ముగిసేలోపు ఆ రెండు ఖాళీలూ నిండిపోతాయి. పంపాల్సిన పేర్లలో యాదయ్యది ముందుంది. అంటే లిఫ్టర్ అయితే అతను ఇక్కడే ఉంటాడు, కాకపోతే పోవాలి.

యాదయ్యకు డెబ్బై గొర్రెలు ఉండేవి. పగలు భార్య మేపుకొచ్చేది. తెల్లారక ముందు, పొద్దుగూకాక దొడ్డి పని, మందులు పట్టడం, ఈనే గొర్రెలను చూసుకోవడం అతనిది. ఒక్క మనిషితో అయ్యే పని కాదు. అతను పోతే మందను అమ్ముకోవాల్సిందే. వాళ్ల తాత కాలం నుంచీ పెరుగుతూ తరుగుతూ వస్తున్న మంద అది.

డీఈ నన్ను పిలిచి, హోటల్ మాటలతో జట్టును ఎంపిక చేయలేమనీ, అంతా శాస్త్రీయంగా జరగాలనీ చెప్పారు. లెక్క నువ్వు రాయి, ఎవరి అంకె ఎక్కువైతే వాళ్లే అన్నారు. ఇరవై రెండేళ్లలో నా అంకెల మీద ఒక అధికారి చూపిన మొదటి ఆసక్తి అది. ఆ రోజు ఇంటికి సైకిల్ మీద మామూలు కంటే వేగంగా వెళ్లాను.

స్టాఫ్ క్వార్టర్స్ వెనకాల నేల చదును చేసి రోజూ సాయంత్రం ప్రాక్టీసు. ఆరుగురు ఇటు, ఆరుగురు అటు. డీఈ, సందీప్ ఒకవైపే ఆడేవారు, జత కుదరాలి కాబట్టి. యాదయ్యది ఎదుటి వైపు. అతనితో పంప్ ఆపరేటర్లు, మిగతా లష్కర్లు. నేను స్తంభం పక్కన కుర్చీలో కూర్చుని, ప్రతి లిఫ్టుకూ ఒక వరుస రాశాను. ఎవరు లేపారు, ఎవరు కొట్టారు, పాయింటు వచ్చిందా రాలేదా. గేజ్ రిజిస్టర్ కంటే శుభ్రంగా ఉండేది ఆ నోటుబుక్కు. గీతకు వేలెడు బయట పడిన డీఈ సార్ బంతులను రెండు మూడింటిని లోపలే పడినట్టు రాశానని కూడా ఇక్కడ చెప్పడం న్యాయం. ఎండ కళ్లలో పడుతుండేది అనుకుందాం.

ఇద్దరికీ తలా వంద లిఫ్టులు నిండగానే మొత్తం వేశాను. సందీప్ లేపిన వందలో యాభై ఎనిమిది పాయింట్లు. యాదయ్య వందలో నలభై ఒకటి. తేడా పదిహేడు. ఇంత తేడా అదృష్టం వల్ల రాదని కింద గీత గీసి రాశాను.

కాగితం ఇచ్చే ముందు యాదయ్య నా దగ్గరికి వచ్చాడు. అతనికి చదువు అంతగా రాకపోయినా అంకెలు తెలుసు. గొర్రెలు లెక్కపెట్టేవాడికి అంకెలు తెలియకుండా కుదరదు. నోటుబుక్కు పేజీలు నిదానంగా తిప్పి చూశాడు.

"అన్నా, నువ్వు రాసింది తప్పని అంటలేను. ఎవరు లేపిండ్రు, ఎవరు కొట్టిండ్రు, అంత ఉన్నది. కొట్టినప్పుడు అడ్డం ఎవరు పోయిండ్రు, గది యాడ రాసినవ్?"

అందుకు గడి లేదని చెప్పాను. లెక్కకు ఒక పద్ధతి ఉంటుందని, మధ్యలో గడులు చేర్చితే మొదటి నుంచీ మళ్లీ రాయాలని కూడా చెప్పాను. అతను తల ఊపి, దొడ్డికి పొద్దవుతాందని వెళ్లిపోయాడు.

డీఈ నా కాగితం రెండుసార్లు చదివారు. ఇలాంటి మనిషిని ఇన్నాళ్లు కాలువ గోడ ముందు నిలబెట్టడం శాఖకే నష్టమన్నారు. సందీప్ లిఫ్టర్ అయ్యాడు. అదనపు ఆటగాడిగా అయినా యాదయ్యను తీసుకోవచ్చని జంగయ్య అందరి ముందూ అన్నాడు. పోటీ నిబంధనల ప్రకారం పన్నెండు మందిని తీసుకుపోవచ్చు గానీ, మా జట్టు ఎంతుండాలో జీపు తేల్చింది. డ్రైవర్ పోను ఎనిమిది మందికే చోటు. ఆటగాళ్లు ఆరుగురు. ఏడో సీటు మేనేజర్ హోదాలో రాంచందర్‌కు. ఎనిమిదోది లెక్కలు రాసేవాడికి, అంటే నాకు. ఆ వారమే యాదయ్య బదిలీ కాగితం మీద సంతకం అయ్యింది.

మేలో జిల్లా కేంద్రంలో మొదటి మ్యాచు. ఎదుటిది వేరే శాఖ జట్టు. అందులో ఎక్కువ మంది గార్డులు, డ్రైవర్లు. వాళ్లకు మా డీఈ ఎవరో తెలియదు. ఆ సమాచారం వాళ్లకు ముందే అందించాల్సింది, మావాళ్లలో ఎవరికీ తట్టలేదు.

మొదటి బంతి సందీప్ అందంగా లేపాడు. డీఈ ఎగిరి కొట్టారు. వల మీదికి నల్లటి చేతులు నాలుగు లేచాయి. బంతి ఎంత వేగంగా పోయిందో అంతే వేగంగా వచ్చి సార్ ఛాతీకి తగిలింది. ఆయన ముఖంలో నొప్పి కంటే ఆశ్చర్యం ఎక్కువ కనబడింది. నెలన్నరలో ఆయన కొట్టిన బంతి తిరిగి రావడం అదే మొదటిసారి. ఎవరైనా తప్పు చేశారేమో అన్నట్టు అంపైర్ వైపు చూశారు. సందీప్ మళ్లీ సార్‌కే లేపాడు. వేరేవాళ్లకు లేపడం అతను ప్రాక్టీసులో పెద్దగా చేయలేదు. బంతి మళ్లీ తిరిగి వచ్చింది. 25-9, 25-11. కిందటేడు కంటే అరగంట ముందే అయిపోయింది.

తిరుగు ప్రయాణంలో జీపులో కారణాలు వెతికారు. బంతిలో గాలి ఎక్కువైందని రాంచందర్ అన్నాడు. అక్కడి నేల గట్టిదని ఒకరు, అంపైర్‌ది ఎదుటివాళ్ల ఊరేనని ఇంకొకరు. సందీప్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పాపం, అతను ఆడాల్సినట్టే ఆడాడు. జంగయ్య కొత్తకోట దాటాక అద్దంలో నన్ను చూసి మెల్లగా అన్నాడు.

"లెక్కల అన్నా, ప్రాక్టీసుల సారు కొట్టంగ మనోళ్లు ఒక్కడన్న చెయ్యి లేపిండా? నువ్వు గాడనే కూసున్నవ్ గద."

నేను ఒడిలోని నోటుబుక్కు తెరిచాను. స్మాషర్ పేరు ప్రతి వరుసలో ఉంది కాబట్టి విడదీయడం కష్టం కాలేదు. సందీప్ వంద లిఫ్టుల్లో అరవై రెండు డీఈకి పోయాయి. వాటిలో యాభై పాయింట్లు. మిగతా ముప్పై ఎనిమిదిలో ఎనిమిదే. సార్ కొట్టిన బంతికి అడ్డంపోయిన లష్కర్ ఒక్కడూ లేడు. పోతే మరునాడు పంప్‌హౌస్‌కు పోవాల్సి వస్తుందేమోనన్న భయం అందరికీ ఉంది. అంతటితో అయిపోలేదు. యాదయ్య వైపు స్మాషర్లు సార్ నిలబడ్డ మూలకు ఒక్కసారీ కొట్టలేదు. కోర్టులో ఆ ముక్క వాళ్లకు లేనట్టే. ఉన్నంత జాగాలోనే అతను నలభై ఒకటి తెచ్చాడు. నేను పదిహేను రోజులు కుర్చీ వేసుకుని కూర్చుని, రెండు రంగుల పెన్నులతో కొలిచింది సార్ మీద సిబ్బందికి ఉన్న గౌరవాన్ని. అది వందకు ఎనభై దాకా వచ్చింది.

మరునాడు సవరించిన లెక్క ఒక కాగితం మీద రాసి డీఈకి ఇచ్చాను. ఆయన చదివారు. నిదానంగానే మాట్లాడారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇది ముందే చూడాల్సింది కదా అన్నారు. తరువాత, దీన్ని ఫైలులో పెట్టవద్దన్నారు. బదిలీ సంగతి అడిగాను. సంతకమైన కాగితాన్ని వెనక్కి తీసుకుంటే పైవాళ్లు కారణం అడుగుతారని, వాలీబాల్ అని రాయలేమని చెప్పారు. జట్టులో ఉన్నవాళ్లను ఆపినప్పుడు ఏమని రాశారో నేను అడగలేదు. ఆ రోజు నేనూ చెయ్యి లేపలేదు.

అప్పటికే యాదయ్య మందను పెబ్బేరు సంతకు తోలాడు. రెండు గొర్రెలు మాత్రం భార్య కోసం ఉంచుకున్నాడని తరువాత తెలిసింది.

ఆ వానాకాలం పోయాక కొత్త పంప్‌హౌస్ దగ్గర కొలబద్దకు రంగు వేయించడానికి వెళ్లాను. సాయంత్రం అక్కడి పొలగాండ్లతో యాదయ్య ఆడుతున్నాడు. వలకు బదులు రెండు కర్రలకు కట్టిన తాడు. నన్ను చూసి ఆట ఆపి వచ్చాడు. చాయ తెప్పించాడు. నా లెక్క తప్పని, తేడా అతని వైపే ఉండాల్సిందని చెప్పాను.

"నాకు తెల్సు అన్నా" అన్నాడు. "నేను సుత సారు బంతికి చేతులు దించినోన్నే. ఇగ నువ్వు గడి గీసుకున్నవా లేదా, గది చెప్పు."

గీశానని చెప్పాను. చాయ తాగి గ్లాసు కింద పెట్టి, అతను మళ్లీ తాడు దగ్గరికి వెళ్లాడు.

మూడేళ్ల తరువాత మోకాలి నొప్పి వల్ల గడువుకు ముందే ఉద్యోగం వదిలేశాను. అప్పటిదాకా నేను తయారు చేసిన ప్రతి పట్టికలోనూ చివర ఒక గడి ఎక్కువ ఉండేది. పూడిక తీత మీద రైతులందరూ తృప్తి చెందారని రాయమన్నా, సిబ్బంది అందరూ ఒప్పుకున్నారని రాయమన్నా, ముందు ఆ గడి నింపేవాణ్ణి. అడ్డం పోయే వీలు ఎవరికైనా ఉండిందా అన్నది దాని శీర్షిక. కొత్త అధికారులు అదేమిటని అడిగేవారు, పాత అలవాటని చెప్పేవాణ్ణి. ఎవరూ అడ్డం పోలేని చోట వచ్చిన అంకె ఎంత పెద్దదైనా ఆటను చెప్పదు, కొట్టినవాడి కుర్చీ ఎత్తును చెబుతుంది. ఆ గడి ఖాళీగా ఉన్నంతవరకు కింద మొత్తం వేయకూడదు.