బావ కూసునే జాగ

మా బావకు స్కూటర్ ముందు బ్రేకులంటే పిచ్చి. బ్రేకు షూలు అరగకముందే నాచారంల ఇంటి ముంగటనే చక్రం ఇప్పి, కొత్తవి ఎక్కించేటోడు. అంతా బిగించినంక, పోయి గల్లీ నడుమ గొంతుకూసునేటోడు.

"నా మీదికి తోలుకరా బామ్మర్దీ. దగ్గరికొచ్చినంక ఆపు."

"ఇదేం పని బావా?" అని కసురుకుంటనే తోలేటోణ్ణి.

డ్యూటీ నుంచి స్కూటర్ మీద వస్తున్న బావకు ఎదురురికిన ఆయన బిడ్డ, ఆ జాగలనే, ఆ స్కూటర్ కిందనే పడి సచ్చిపోయింది. ఆనాడు బ్రేకు పట్టలే. గొంతుకూసుంటే బావ సరిగ్గ ఆ పిల్ల ఎత్తే ఉంటడు.

బండి ఆయన మొఖం ముంగటికొచ్చి ఆగేది.

"గిప్పుడు ఆగుతున్నదే!" అని మా అక్కకు ఇనవడేటట్టు ఇంటి దిక్కు తిరిగి అరిచేటోడు.

లోపటి నుంచి తలుపుకు గొళ్ళెం పెట్టిన సప్పుడొచ్చేది.