బొప్పాయాకు వాసన

రాజాం బస్సులో పక్కసీటావిడ నా సీసా మూత తీసి వాసన చూసింది. వెంటనే మొహం తిప్పేసుకుంది. నేను చేస్తున్నది ప్రమాదమని నాకు మొదటిసారి తెలిసింది ఆ బస్సులోనే.

అది ముందు సీట్లో నిద్రపోతున్న మా ఆయన కోసం తీసిన బొప్పాయాకు రసం.

"డెంగీయా?" అంది.

"కాదండీ, లివర్ సిరోసిస్. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. గొంతులోకి కెమెరా వేసి చూడాలన్నారు. కౌంటు పెరిగాక వేయిద్దామని ఆపాం."

"ఓలమ్మ! మేమూ అలాగే ఆపినాం. మాయనకి ఇదే రసం తాగించినాను. కడుపులో బల్ల ఉబ్బిపోయి ఆ ప్లేట్‌లెట్లని పట్టీసుకుంటాదంట, ఆకేటి సేస్తాది? లోపల రక్తనాళాలు ఉబ్బినాయని ఎవులం సూడనేదు. ఓ పూట రక్తం కక్కీసినాడు. ముందే సూపించుంటే ఆ నాళాలకి రబ్బరు బేండులేసి కట్టీసుందుమన్నాడు డాక్టరు."

ఆవిడ బల్ల అన్నది ప్లీహాన్ని. నేను బీఎస్సీ చదివాను. ఫోన్లో డెంగీకని రాసిన చిట్కా చూసి, నెలన్నరగా ఆయనకి తాగిస్తున్నాను.

చీపురుపల్లిలో సీసా నా ఒళ్లో పెట్టి దిగిపోయింది. ఆవిడ పేరైనా నేను అడగలేదు.

సాయంత్రం ఆసుపత్రికి ఫోన్ చేసి కెమెరా పరీక్షకి తేదీ తీసుకున్నాను. లోపల ఏముందో ఇంకా తెలియదు.

మర్నాడు పొద్దున్న పిల్లలిద్దరూ ఎప్పట్లాగే పెరట్లోంచి లేతాకులు కోసి తెచ్చారు.

"ఇంక కోయకండి" అన్నాను.

"నాన్నకి తగ్గిపోయిందా?" అంది చిన్నది.

"లేదమ్మా. మందు కానిదాన్ని మందని మీకు చెప్పాను."