పొగరు కాదు, వినపడలేదు

ఆ రోజు హిందూపురం లారీ స్టాండులో మాబన్న నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. మాబన్న నాకంటే పెద్ద డ్రైవరు. నాకు స్టీరింగు పట్టడం నేర్పినవాడు. టీ గ్లాసు తీసుకుని పక్కన కూర్చున్నా పలకలేదు. గడ్డం పట్టుకుని బతిమాలితే అప్పుడు చెప్పాడు. పొద్దున సోమందేపల్లి దగ్గర నా బండికి ఎదురొచ్చి రెండుసార్లు హారన్ తట్టాడట. నేను బదులివ్వకుండా పోయానట.

"పదిచక్రాల బండి ఎక్కినాక మేము కనపడల్యా ఏమప్పా తిప్పేస్వామీ?" అన్నాడు.

మా లారీవాళ్లలో అదొక మర్యాద. తెలిసిన బండి ఎదురైతే పొట్టిగా రెండుసార్లు హారన్ తడతాం. అవతలివాడూ అట్లాగే తడతాడు. బాగున్నావా అంటే బాగున్నానని చెప్పుకోవడం అన్నమాట. ఇన్నేళ్లలో నేను దానికి బదులివ్వకుండా పోయింది లేదు. నాకసలు వినపడలేదని ఒట్టు పెట్టి చెప్పాను. మాబన్న నమ్మలేదు. ఆయన నమ్మకపోవడం కంటే, నిజంగానే ఆ హారన్ నా చెవిన పడలేదన్న సంగతే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అప్పటికే కొంతకాలంగా కుడిచెవిలో కీచురాయి దూరినట్టు ఒకటే రొద. ఫోను ఎప్పుడు ఎడమచెవికి మారిందో నాకే తెలియదు. టీవీ సౌండు తగ్గించమని నా భార్య రత్నమ్మ రోజూ పోరేది. దగ్గర్లోని క్లినిక్కుకు పోతే గుబిలి ఉందని నీళ్లు కొట్టి తీశారు. "క్లియర్ అయిపోయింది, పోండి" అన్నారు. లారీ నడుపుతానని చెప్పినా, ఎన్నేళ్లుగా అని ఒక్క మాట అడగలేదు. వినికిడి పరీక్ష ఏదీ రాసివ్వలేదు. చెవి శుభ్రమైంది, రొద మాత్రం అట్లాగే ఉంది. ఆ క్లినిక్కు బోర్డు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కొన్నాళ్లకు హిందూపురంలో చింతపండు లోడు ఎత్తుకుని ధర్మవరం బయలుదేరాను. పెనుకొండ దాటి, హైవే వదిలి చిన్న రోడ్డుకు తిరిగాను. ఎండ చుర్రుమంటోంది. ఆ రోడ్డులో వెనకబండి దాటాలంటే ముందుబండి ఎడమకు జరగాలి. సైడ్ ఇవ్వడమంటే అదే. నా వెనక ఒక లారీ తగులుకుంది. ఎక్కడ తగులుకుందో నాకు అప్పుడు తెలియదు. నా అద్దాలు రెండింట్లోనూ ఖాళీ రోడ్డే కనిపిస్తోంది. లోడు బండి నడిపేవాడికి సరిగ్గా వెనక ఏముందో కనబడదు, పక్క అద్దాలే దిక్కు. ఆ లారీ డ్రైవరు నా బండికి అంత దగ్గరగా అతుక్కుని వస్తున్నాడు. ఒక కుక్క అడ్డమొచ్చి నేను బ్రేకు తొక్కి ఉంటే అతని ముందద్దం నా చింతపండు మూటల్లో ఉండేది. ఇది డ్రైవరు చేసే పనేనా? అద్దంలో కనబడడు, హారన్ నాకు వినబడదు. ఇంక నేను సైడ్ ఎవరికివ్వాలి?

ఒక మలుపులోనే నన్ను దాటుకుని వచ్చి బండి అడ్డం పెట్టాడు. ఎట్లాగో ఆపాను. ఏమైందో ఏమోనని నేనే దిగి ఎదురుపోయాను.

"చెవుడారా నీకి?" అన్నాడు.

అడిగినవాడు జవాబు కోసం ఆగలేదు. కుడిచేత్తో చాచి కొట్టాడు. ఎదురెదురుగా ఉన్నాం కాబట్టి దెబ్బ నా ఎడమచెవి మీద పడింది. నాకు మిగిలిన మంచి చెవి అదొక్కటే. ఊదిన కవరు పగిలినట్టు లోపల టప్పుమంది. ఆ తర్వాత ఈల తప్ప ఏమీ లేదు. అతను తిడుతూనే ఉన్నాడని పెదాలు చూస్తే తెలిసింది. వెనకొచ్చిన ఇంకో లారీ డ్రైవరు దిగాడు. విడిపించడానికే అనుకున్నాను. ఆయన కొట్టినవాడి వెనక నిలబడి, ఫోను పైకెత్తి నా ముఖం వీడియో తీసుకున్నాడు.

వాళ్లిద్దరూ పోయాక బండి పక్కకు పెట్టి రత్నమ్మకు ఫోను చేశాను. ఆమె ఎత్తిందో లేదో కూడా తెలియలేదు. నా పాటికి నేను ఎక్కడున్నానో చెప్పి పెట్టేశాను. ఆమె మాబన్నకు చెప్పింది. ఆయన పెనుకొండలోనే ఉన్నాడట, వెంటనే వచ్చాడు. పక్కన కూర్చుని ఏదో అడిగాడు. నేను రెండు చెవులూ చూపించి చేయి ఊపాను. ఆయన లేచి నా బండి స్టీరింగు దగ్గర తనే కూర్చున్నాడు.

హిందూపురంలో చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. ఆడియోగ్రామ్ తీయాలన్నారు. అద్దాల గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమని చేతికి ఒక బటన్ ఇచ్చారు. అద్దం అవతల టెక్నీషియన్ సౌండు పెంచుతూనే ఉంది. ఆమె చేయి తిరుగుతోంది. నా బొటనవేలు కదలడం లేదు. జీవితంలో అంత భయం నాకు ఘాటు రోడ్డులో బ్రేకు ఫెయిలైనప్పుడు కూడా వేయలేదు. లారీ తప్ప నాకు ఇంకో పని రాదు.

డాక్టరమ్మ కాగితం మీద రాసి చూపిస్తూ చెప్పింది. ఎడమది టింపానిక్ మెంబ్రేన్ పెర్ఫొరేషన్, అంటే కర్ణభేరి చిరిగింది. కుడిది ఈ దెబ్బ వల్ల వచ్చింది కాదు, సెన్సోరిన్యూరల్ హియరింగ్ లాస్. "చిరిగింది అతుక్కుంటుంది. కుడివైపు నరం పోయింది, అది తిరిగి రాదు. మీరు కుడివైపు కిటికీ తీసి నడుపుతారు కదా?" అని అడిగింది. ఎవరు మాత్రం తీయరు? క్యాబిన్‌లో ఇంజన్ వేడి. ఆ కిటికీలోంచే గాలి, ఇంజన్ మోత, దాటుకుపోయే ప్రతి బండి ఎయిర్ హారన్ నా చెవిలోకి పోయాయి. ఎదటివాడు అదిరిపడాలని ఏరికోరి బిగించుకునే హారన్లవి. నా కుడిచెవిని దారిన పోయినవాళ్లంతా కలిసి తిన్నారు. ఎడమచెవిని ఒక్కడు తిన్నాడు.

నీళ్లు తగలకూడదని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. నూనె సంగతి ఆమె చెప్పలేదని మా అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా చెవిలో పోసింది. ప్రేమతోనే పోసింది. చీము పట్టింది, జ్వరమొచ్చింది. డాక్టరమ్మ చూసి తల పట్టుకుంది. "ఇన్ఫెక్షన్ తగ్గాకే ఏదైనా. హోల్ పెద్దదైంది, టింపానోప్లాస్టీ ఆపరేషన్ చేయాలి" అని రాసి చూపించింది. మా అమ్మ ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

ఆ వీడియో ఈలోగా లారీవాళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. సైడ్ ఇవ్వనోడికి సన్మానం అని పేరు కూడా పెట్టారు. నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లలో నాతో ఒకే గిన్నెలో వండుకుని తిన్నవాళ్లున్నారు. పొగరు దిగిందిలే అన్నారు. నాకు పొగరెక్కడిది? పలకరింపు హారన్లకు బదులివ్వలేదని నా మీద అప్పటికే అంతమందికి కోపం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. రత్నమ్మ పోలీస్ స్టేషనుకు పోదామంది. స్టాండు పెద్దలు మనలో మనకెందుకమ్మా అన్నారు. ఆ మనలో మనం అనేది కొట్టేటప్పుడు ఎక్కడికి పోయిందని ఆమె అడిగింది.

ఆపరేషన్ అయింది. చెవి వెనక కోసి, అక్కడి పొరే తీసి లోపల అతికించారు. చెవిలో దూది, తలకు కట్టు. ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. చాలా వారాలు అట్లా గడిచాక ఒకరోజు వంటింట్లో పోపు చిటపట వినపడింది. రత్నమ్మను పిలిచి మళ్లీ ఆవాలు వేయమన్నాను. ఆమె నవ్వుతూ ఏడ్చింది.

ఆ తర్వాతే మాబన్న నన్ను కొట్టినవాణ్ని మా ఇంటికి తీసుకొచ్చాడు. అతని పేరు గంగాధర అనుకోండి. నాకంటే చిన్నవాడు, ఇదే చుట్టుపక్కల ఊరివాడు. తలొంచుకుని కుర్చీలో కూర్చున్నాడు. తప్పయిందన్నాడు. అని ఊరుకున్నాడా? హైవే దిగినప్పటి నుంచి హారన్ మీద చేయి తీయలేదు, ఎంతసేపని ఓర్చుకుంటాడెవడైనా అని మళ్లీ మొదలుపెట్టాడు. బయటికి పొమ్మనబోయాను.

రత్నమ్మ కాఫీ తెచ్చి అతని కుడిపక్కన నిలబడి, "నీ ఇంట్లోవాళ్లకి ఇట్లే జేస్తే ఊరుకుంటావా?" అని అడిగింది. గంగాధర పలకలేదు. ఆమె మళ్లీ అడిగింది. అప్పుడు అతను మెడంతా తిప్పి, ఎడమచెవి ఆమెవైపు పెట్టి, ఏమక్కా అన్నాడు.

ఆ మెడ తిప్పడం నాకు తెలుసు. అంతకుముందు నేను ఎన్నాళ్లుగానో అట్లాగే తిప్పుతున్నాను. నా కోపం ఆగిపోయింది.

"నీ బండికి హారన్లు ఎన్ని?" అని అడిగాను.

"రెండు. మొన్ననే రెండోది పెట్టించినా."

"ఎందుకు?"

"మొదటిది మెల్లగా వినిపిస్తాండాది."

"ఎవరికి?"

గంగాధర చేయి తన కుడిచెవి మీదికి పోయింది. మాబన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

మరుసటి రోజు అతణ్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది నేనే. అదే అద్దాల గది. ఈసారి నేను అవతల నిలబడి అతని బొటనవేలు చూశాను. కుడిచెవికి చాలాసేపు కదలలేదు. "ఈయన త్వరగా వచ్చారు, మిగిలింది కాపాడుకోవచ్చు" అంది డాక్టరమ్మ. మెట్లు దిగుతూ గంగాధర నా చేయి పట్టుకున్నాడు. స్టాండులో ఎవరికీ చెప్పొద్దని, ఓనరుకు తెలిస్తే బండి ఇవ్వడని బతిమాలాడు. నేను దెబ్బ తిన్న వీడియో జిల్లా అంతా చూసింది, అతని చెవి సంగతి మాత్రం గుట్టుగా ఉండాలి! చెప్పనని మాటిచ్చాను. అందుకే ఇక్కడ పేరు మార్చాను. నా కోపం పూర్తిగా పోయిందని మాత్రం అబద్ధం చెప్పను.

ఇప్పుడు నా కుడిచెవికి వినికిడి మిషన్ ఉంది. డాక్టరమ్మ మళ్లీ పరీక్షలు చేసి నడపొచ్చన్న తర్వాతే బండి ఎక్కాను. కుడివైపు కిటికీ అద్దం మూసే ఉంచుతాను, క్యాబిన్‌లో చిన్న ఫ్యాను పెట్టించుకున్నాను. దూరపు కిరాయిలు మానేసి ధర్మవరం వరకే పోతున్నాను. మాబన్న ఎదురైతే ఇప్పుడు హారన్ తట్టడు, రెండుసార్లు లైటు వేస్తాడు. నేనూ రెండుసార్లు వేస్తాను.

తోటి డ్రైవర్లకు నేను చెప్పేది ఒకటే. కళ్లకు పరీక్ష చేయించుకున్నట్టే ఏడాదికోసారి చెవులకూ ఆడియోగ్రామ్ చేయించుకోండి. నొప్పి ఉండదు, మీ హారన్ మీకే చిన్నగా వినిపిస్తుంటే అసలు ఆలస్యం చేయొద్దు. ముందు బండి సైడ్ ఇవ్వకపోతే కాస్త వెనక్కి తగ్గి, అతని అద్దంలో కనబడి, లైటు వేయండి. ఆ బండిలో నేనుండొచ్చు. మీరు నాకు కనబడితే చాలు, పక్కకు జరుగుతాను.